వాగు అవతలికి వినపడే చప్పుడు

మా ఇంట్లో కుట్టుమిషన్ లేదు. మిషన్ నూనె సీసా మాత్రం ఉంది. సీలు కూడా తీయని చిన్న సీసా. నాలుగేళ్లుగా అల్మారాలో ఒకే చోట ఉంటోంది. ఇల్లు సర్దినప్పుడల్లా మా ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుంటుంది, నావైపు ఒకసారి చూస్తుంది, మళ్లీ అక్కడే పెట్టేస్తుంది.

మొన్న కామారెడ్డిలో చలి గట్టిగా దిగింది. పొద్దున్నే ఆమె కొబ్బరినూనె సీసాను తెచ్చి పిట్టగోడ మీద ఎండకు నిలబెట్టింది. "రాయి లెక్క గడ్డకట్టింది. జర జూస్తుండుండ్రి, కోతులెత్కవోతయి" అని లోపలికి వెళ్లిపోయింది. రిటైరైనవాడికి ఇంట్లో ఇలాంటి డ్యూటీలే పడతాయి. కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. తెల్లటి నూనె సీసా అంచుల దగ్గర మెల్లగా కరగడం మొదలుపెట్టింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన గుర్తొచ్చాడు. ప్రతి చలికాలం ఇంతే. ఈసారి మాత్రం రాసేద్దామనిపించింది.

ఆయన పేరు రాయను. లైసెన్సు కాగితాల్లో తప్ప ఆ పేరుతో ఎవరికీ పనిపడలేదు. అందరికీ ఆయన బాపు, అంతే.

అప్పట్లో నేను ఎల్లారెడ్డి వైపు అడవి అంచున ఉన్న ఒక చిన్న స్టేషన్లో రైటర్‌ని. రైటర్ అంటే కథలు రాసేవాడనుకునేరు. స్టేషన్లో ఎవరు ఎవర్ని కొట్టారో, ఎవరి బర్రె ఎవరి చేన్లో పడిందో అన్నీ రాసే హెడ్ కానిస్టేబుల్‌ని రైటర్ అంటారు. ఎలక్షన్లు వచ్చాయంటే మాకొక అదనపు పని పడుతుంది. లైసెన్సు తుపాకులున్న వాళ్లంతా వాటిని తెచ్చి స్టేషన్లో అప్పజెప్పాలి. ఎలక్షన్లు అయిపోయాక తీసుకుపోవాలి. ఒక్కొక్కరు వచ్చి కట్టెల మోపు పడేసినట్టు మూలకు పడేసి, సంతకం పెట్టి పోయేవారు.

ఆయన మాత్రం పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. పాత నూలు ధోవతి గుడ్డలో చుట్టి, రెండు చేతుల మీద పెట్టుకుని వచ్చాడు. బక్కపలచటి మనిషి, భుజాన గొంగడి, డెబ్బై దాటి ఉంటాయి. విప్పితే లోపల బర్మారు తుపాకి. తోటాలు పెట్టే రకం కాదది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గజం అనే ఇనుప చువ్వతో దట్టించి, వెనకాల చిన్న రాగి టోపీ తొడిగి పేల్చాలి. వాళ్ల నాయన షికారుకు తిరిగిన కాలం నాటిది. షికారు బంద్ అయ్యాక పంట కాపలా లైసెన్సు మీద మిగిలింది.

మా కానిస్టేబుల్ దాన్ని అందుకుని గోడకు నిలబెట్టబోయాడు. ఆయన గబుక్కున చేయి అడ్డం పెట్టాడు.

"గట్ల గాదు బిడ్డా. మూతి కిందికి వెట్టు. నూనె ఎన్కకు కారితె కట్టెలకు దిగుతది, కట్టె మెత్తవడ్తది."

కానిస్టేబుల్ నావైపు చూశాడు. పెట్టమన్నాను. ఆ పక్కన మరో తుపాకికి ఎవరో ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంచారు. దాన్ని చూసి ఆయన ముఖం ముడుచుకున్నాడు. "వానకు తడ్వదని సుట్టినట్టున్నరు. లోపల చెమట వోస్తది సార్. నీళ్లు మీద వడ్డా తుడుసుకోవచ్చు, గీ చెమటనే ఇనుమును తింటది" అన్నాడు. ఎవరి తుపాకో తెలియదు, అయినా బాధపడ్డాడు.

సంతకం పెట్టాక కూడా వెళ్లలేదు. టేబుల్ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, వారానికొక్కపారి అచ్చి తుడ్సుకుంట. పర్మిషన్ ఇయ్యాలె."

"పందులు పంట తింటయని భయమా బాపూ?"

"పందుల సంగతి డబ్బ కొట్టి జూసుకుంట. రెండు నెలలు నాకు చప్పుడు లేకుంటయితది. నాకేమన్న అయితే ఎవలికి ఎర్కయితది?"

నాకు అర్థం కాలేదు. "ఫోన్ లేదా?" అన్నాను. అంగీ జేబులోంచి చిన్న ఫోన్ తీసి చూపించాడు. "ఉన్నది. ఎవలికి జెయ్యాలె?" అన్నాడు. అందులో వెటకారం ఏమీ లేదు, నిజంగానే అడిగాడు. పొద్దస్తమానం జనాన్ని ప్రశ్నలడిగే ఉద్యోగం నాది. ఆయనకు ఎవరున్నారో, ఎందుకు లేరో మాత్రం ఆ రోజు అడగలేకపోయాను, ఆ తర్వాత కూడా అడగలేదు. కాగితాల్లో, తన తర్వాత తుపాకి ఎవరికి చెందాలో రాసే చోట అడ్డంగా ఒక గీత గీసి ఉంది.

సోమవారం సోమవారం వచ్చేవాడు. స్టేషన్ వెనక వరండాలో గోనెసంచి పరచుకుని కూర్చుని తుడిచేవాడు. ఒక పాత బనీను ముక్క, పిట్ట ఈక ఒకటి, కుట్టుమిషన్లకు వేసే పల్చటి నూనె సీసా. ఈక కొసను నూనెలో ముంచి, గుర్రం కింద, అంటే టోపీ మీద పడి కొట్టే ఇనుప ముక్క కింద, ఒక్క చుక్క తాకించేవాడు. రెండో చుక్క వేయడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత గొట్టం మూతికి నోరు ఆనించి ఊదేవాడు. టోపీ తొడిగే చోట సూది దూరేంత రంధ్రం ఉంటుంది. అక్కడ వేలు పెట్టి గాలి తగులుతోందా అని చూసేవాడు. తగిలితే తల ఊపి, "ఊపిరాడుతున్నది" అనేవాడు. ఎవరితో అనేవాడో తెలియదు. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

ఎలక్షన్లు అయిపోయి తుపాకి తీసుకుపోయే రోజు నాతో "ఒక్కపారి మా దిక్కు రాండ్రి సార్, మక్కెన్కులు కాల్సి వెడ్త" అన్నాడు. పోలీసును ఇంటికి రమ్మని పిలిచేవాళ్లు తక్కువ. వెళ్లాను.

ఊరు దాటి, పొలాల గట్ల మీదుగా పోతే వాగు వస్తుంది. వాగుకు ఇవతల ఒకే ఒక ఇల్లు. ఆ ఇంటి ఆమె భర్త దుబాయిలో ఉంటాడు. అత్తను పెట్టుకుని వ్యవసాయం అంతా తనే చేసుకుంటుంది. వాగు అవతల గుట్ట కింద బాపు మక్క చేను, అంటే మొక్కజొన్న, చేను మధ్యలో మంచె, పక్కన గుడిసె. ఆ పైన అంతా అడవే. వాగులో రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటాలి.

పొద్దుపొడుపు వేళకు అక్కడ ఉన్నాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే మక్క ఆకుల మీద నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. ఆయన మంచె దిగి వచ్చాడు. తుపాకి మూతిలో గింజలు ఒలిచిన మక్క బెండు బిరడాలా బిగించి ఉంది. రాగి టోపీ చుట్టూ తేనెమైనం మెత్తి ఉంది. తడి లోపలికి పోకుండా ఆయన చేసుకున్న ఏర్పాట్లవి. బెండు పీకి, ఆకాశం వైపు ఎత్తి, మీట నొక్కాడు. ఢామ్మని పేలింది. గుండు వేయడు, ఉత్త మందే. చప్పుడు గుట్టకు తగిలి వెనక్కి వచ్చింది. పందులో, నా గుండెలో తెలియదు గానీ ఏవో పరుగెత్తాయి.

ఆయన పందుల వైపు చూడలేదు. వాగు అవతలికి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆ ఇంటి కప్పు మీంచి పొగ లేచింది. అప్పుడు తుపాకి దించాడు.

"అయిపోయింది సార్, హాజరు వల్కిన" అన్నాడు.

తర్వాత ఆ పొగ సంగతి ఆ ఇంటి ఆమెను అడిగితే నవ్వింది. "బాపు తుపాకి వేల్తెనే నేను పొయ్యి ముట్టిస్త సార్. మొగోడు లేని ఇల్లు నాది, గా చప్పుడింటె జర ధైర్యముంటది" అంది. ఎప్పుడో ఆయనతో కూడా ఈ మాట అన్నదట. అన్నప్పటి నుంచి ఆయన మక్క కోసేసి చేను ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా పేలుస్తూనే ఉన్నాడు. పంట లేకపోతే పేల్చకూడదని నేను పోలీసు గొంతుతో చెప్పాలి. ఒకసారి చెప్పబోయాను కూడా. "మరి ఆమె పొయ్యి ముట్టియ్యొద్దా సార్?" అన్నాడు. నేనింక ఆ మాట ఎత్తలేదు.

పేల్చాక ఆయనకు పెద్ద పని ఉండేది. నిప్పు మీద నీళ్లు కాచి, ఆ వేడినీళ్లు గొట్టంలో పోసి కడిగేవాడు. తుపాకిని నీళ్లతో కడగడమేంటని నేను నోరు తెరిచాను. "మందు మసి ఉప్పు లెక్క సార్, తడిని గుంజుకుంటది. కడ్గకుంటె తెల్లారెటాల్లకు చిలుము వడ్తది" అన్నాడు. కడిగాక ఎండలో, ఎండ లేకపోతే గాలికి ఆరబెట్టేవాడు. చలికి నేను కాచుకుంటున్న మంట దగ్గరకు మాత్రం తేనిచ్చేవాడు కాదు. చల్లటి ఇనుమును వెచ్చటి చోటికి తెస్తే చెమట పడుతుందట. నేను మంట దగ్గర, తుపాకి దూరంగా కొయ్యకు. ఆయన మాత్రం దాని పక్కనే చలిలో కూర్చునేవాడు.

మొదటిసారి వెళ్లిన ఆ రోజే నాకు ఒక పని చెప్పాడు. మిషన్ నూనె అయిపోయింది, కామారెడ్డి పోయినప్పుడు ఒక సీసా పట్టుకురమ్మన్నాడు. అదేం పెద్ద పని? వారం తర్వాత ఇంటికి వెళ్లాను, రెండు రోజులున్నాను, బజారంతా తిరిగాను, మరిచిపోయాను. తిరిగి వస్తూ ఆయన ఊరి దగ్గర బస్సు దిగాక గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. ఊరి కిరాణా కొట్లో ఆ నూనె లేదు. నీలం డబ్బాలో కొబ్బరినూనె ఉంది. ఏ నూనైతే ఏంటి, తుప్పు పట్టకుంటే చాలు అనుకుని అదే కొన్నాను. నేను ఎంత చదువుకున్న మూర్ఖుణ్నో అప్పటికి నాకు తెలియదు.

ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. మూత తీసి వాసన చూశాడు. ముఖంలో ఏదో నవ్వు వచ్చి పోయింది. "మంచిగున్నది సార్" అని గుడిసెలో పైన, దేవుడి పటం పక్కన పెట్టాడు.

రెండు రోజులకు తుఫాను ముసురు పట్టింది. సన్నటి వాన, ఈదురుగాలి, దానికి తోడు చలి. తెల్లారి ఆయన మీట నొక్కితే టోపీ చిటుక్కుమంది, తుపాకి పేలలేదు. మరో టోపీ పెట్టాడు, అంతే. మూడోదీ అంతే. రంధ్రంలో కొబ్బరినూనె మైనంలా బిగుసుకుపోయింది, నిప్పు లోపలి మందును చేరడం లేదు.

ఈ సంగతంతా ఆయనే సోమవారం స్టేషన్‌కు వచ్చి చెప్పాడు. తుపాకి స్టేషన్లో లేదు, ఆయనకు అక్కడ పనే లేదు. కేవలం చెప్పడానికే వచ్చాడు. అంత సంబరంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"చప్పుడు గాలేదు గద, గామె ఉర్కచ్చింది సార్! వాగుల వడి, చీరంత తడ్సింది. ఎనుక ముసలామె అచ్చింది. గామె చేన్ల కైకిలికచ్చినాయిన గిట్ల అచ్చిండు. ముగ్గురు! నా ఇంటికి ముగ్గురచ్చిండ్రు. ఛాయ్ వెట్టిన. గిలాస ఒకటే ఉన్నది, ఒగలెనుక ఒగలు తాగిండ్రు."

నేను తల వంచుకున్నాను. "తప్పు నాదే బాపూ. కొబ్బరినూనె చలికి గడ్డకడ్తదని సోయి లేకపాయె" అన్నాను.

"నాకెర్కే సార్."

"తెలిసి ఎందుకు పెట్టినవ్?"

ఆయన గొంగడి అంచు సర్దుకున్నాడు. "మీరు తెచ్చిండ్రు గద" అన్నాడు. "నా ఇంటికి ఎవలన్న ఏదన్న తెచ్చి ఎన్నేండ్లయిందో."

తుపాకి విషయంలో ఈగ వాలనివ్వని మనిషి. నా మనసు కష్టపెట్టలేక ఆ ఒక్కరోజు దాన్ని పాడుచేసుకున్నాడు. ఆ సాయంత్రమే మనిషిని పంపి మిషన్ నూనె తెప్పించి ఇచ్చాను.

ఆ ముచ్చట ఊరంతా పాకింది. పోలీసు సారు తుపాకికి తలనూనె రాయించాడని నన్ను చూసి నవ్వేవారు, బాపును చూసి నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. తర్వాత ఎప్పుడైనా చప్పుడు కొంచెం ఆలస్యమైతే వాగు ఇవతలి నుంచి ఆమె కేకేసేది: "ఏంది బాపూ, నూనె గడ్డకట్టిందా?" ఆయన అవతలి నుంచి ఢామ్మనిపించేవాడు. మరి పరుగెత్తుకుని ఎవరూ రాలేదు. రావలసిన పనేముంది? ఆయన మాత్రం ఆ ఒక్క ఉదయం గురించి నాకు ఐదారుసార్లు చెప్పాడు. ప్రతిసారీ ముగ్గురు అన్న దగ్గర వేళ్లు ఎత్తి చూపించేవాడు. ఆ తర్వాత బజారుకు వెళ్లి రెండు గిలాసలు కొనుక్కొచ్చాడు.

మరుసటి సంక్రాంతి దాటిన వారం. మళ్లీ ముసురు. లైసెన్సు రెన్యువల్ కాగితాల మీద ఆయన సంతకం కావాలి. కామారెడ్డి నుంచి వస్తూ ఈసారి మరిచిపోకుండా మిషన్ నూనె సీసా కొన్నాను. జేబులో పెట్టుకుని బండి మీద బయల్దేరాను. వాగు దగ్గరకు చేరేసరికి తొమ్మిది దాటింది. ఇవతల ఆమె మడిలో నలుగురు కూలీలతో నాట్లు వేయిస్తోంది. నన్ను చూసి నడుం నిలబెట్టి నవ్వింది.

"ఇయ్యాల చప్పుడే లేదు సార్! మల్ల నూనె గడ్డకట్టినట్టున్నది!"

కూలీలు నవ్వారు. నేనూ నవ్వాను. "నేను జూస్త తియ్" అని రాళ్ల మీద అడుగులేసుకుంటూ వాగు దాటాను.

ఆయన గుడిసె గుంజకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. భుజాల మీద గొంగడి. కళ్లు సగం మూసి, వాగు వైపే ముఖం. పిలిచాను. భుజం మీద చేయి వేశాను. గొంగడి తడిసి ఉంది, లోపల మనిషి చల్లగా ఉన్నాడు. పక్కన కొయ్యకు తుపాకి, మూతి కిందికి. మూతిలో మక్క బెండు. టోపీ చుట్టూ తేనెమైనం. పొద్దుటి కోసం అన్నీ సిద్ధం చేసుకుని పెట్టుకున్నాడు.

రాత్రే పోయాడని, ఎవరొచ్చినా చేయగలిగింది లేదని తర్వాత డాక్టరు అన్నాడు. అది నాకు అప్పుడు తెలియదు. తెలిసినా పెద్ద తేడా ఉండేది కాదు. ఆయన జీవితమంతా భయపడింది ఒక్కదానికే, తనకేమన్నా అయితే ఎవరికీ తెలియదేమోనని. తెలియడానికి ఒక దారి చేసుకున్నాడు. ఆ దారిలో అడ్డంగా పడింది నేను తెచ్చిన ఒక డబ్బా నూనె. పొద్దున చప్పుడు వినపడకపోతే ఆమె గుండె ఝల్లుమని ఉండేది. ఇప్పుడు నవ్వొచ్చింది. ఆ నవ్వు నేర్పింది నేనే.

ఇక్కడి నుంచి చెప్పేది నేను ఏ కాగితంలోనూ రాయలేదు. తుపాకి ఖాళీగా ఉన్నదనే పంచనామాలో రాశాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే.

తుపాకి కొయ్య నుంచి తీశాను. బెండు పీకాను. నాకు ఒకే ఒక్క సంగతి తెలియాలి. బతికుంటే ఇవాళ ఇది పేలేదా, లేక ఆయన ఇక్కడ కూర్చుని టోపీ మీద టోపీ మార్చుకుంటూ ఉండేవాడా? రాత్రంతా వాన, గొంగడి పిండితే నీళ్లు కారేంత తడి, చేతివేళ్లు కొంకర్లు పోయే చలి. గుడిసె బయటికొచ్చి, గుర్రం వెనక్కి లాగి, ఆకాశం వైపు ఎత్తి మీట నొక్కాను.

మొదటి దెబ్బకే పేలింది. క్షణం కూడా ఆలస్యం కాలేదు. చప్పుడు గుట్టకు తగిలి తిరిగొచ్చింది. పొగ నా చుట్టూ తడి గాలిలో అలాగే ఆగిపోయింది.

అవతల మడిలో ఒక్కసారిగా కేరింతలు లేచాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. పొగలో నాకు ఎవరూ కనపడలేదు, ఆమె గొంతు మాత్రం వాగు దాటి స్పష్టంగా వినపడింది.

"పేలిందే! ఇన్నరా, బాపు లేసిండు! సార్, ఛాయ్ వెడుతున్న, ఇద్దరు రాండ్రి!"